ఇన్‌ఫార్మ్, ఇన్‌స్ట్రక్ట్, ఎడ్యుకేట్, ఎన్‌లైటెన్... ఏ మాట ఎక్కడ వాడాలి?

కల్యాణి_స్టాఫ్‌నర్స్
అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. విదేశాల్లో ఉద్యోగం కోసం ఓఈటీ రాయబోతున్నాను, అది వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష. డ్యూటీ దిగాక ద్వారకానగర్‌లో క్లాసుకి వెళ్తున్నాను. రైటింగ్ పేపర్‌లో 45 నిమిషాల్లో ఒక ఉత్తరం రాయాలి, దాదాపు 180 నుంచి 200 పదాలు. మాకు ఎక్కువగా డిశ్చార్జ్ లెటరో రిఫరల్ లెటరో వస్తుంది. పేషెంట్‌కి ఏం చెప్పాం, ఏం నేర్పాం అన్నది అందులో రాయాల్సి వస్తూనే ఉంటుంది.

అక్కడికి వచ్చేసరికి నా పెన్ను ఆగిపోతోంది. శాంపిల్ ఉత్తరాలు చూస్తే ఒకదాంట్లో ఇన్‌ఫార్మ్డ్, ఇంకోదాంట్లో అడ్వైజ్డ్, మరోదాంట్లో ఇన్‌స్ట్రక్టెడ్, ఎడ్యుకేటెడ్, కౌన్సెల్డ్. అన్నీ నాకు "చెప్పాం" లాగే కనిపిస్తున్నాయి. మా బ్యాచ్‌లో కొందరు ఫోన్‌లో పర్యాయపదాల లిస్టు పెట్టుకుని ఎన్‌లైటెన్, అప్రైజ్, ఎలూసిడేట్ అని బట్టీ పడుతున్నారు. ఒకే మాట రెండుసార్లు వస్తే మార్కులు పోతాయని వాళ్ళ టెన్షన్. నిన్న ఒకమ్మాయి "ప్లీజ్ ఎన్‌లైటెన్ ద పేషెంట్ అబౌట్ డైట్" అని రాస్తే ట్రైనర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, కారణం చెప్పే టైం లేకపోయింది. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

గాజువాక మాస్టారు
అమ్మా కల్యాణీ, ముందు ఆ లిస్టు పక్కన పెట్టించండి. ముప్పై ఏళ్ళ పైగా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఆ లిస్టుల వల్ల బాగుపడ్డ పిల్లల కంటే దారి తప్పిన పిల్లల్నే ఎక్కువ చూశాను. పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఒకటి పెట్టుకునేవి కావు.

ఈ మాటల్లో ఏది వాడాలో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న వేసుకోండి. మన మాట అయిపోయాక అవతలి మనిషి దగ్గర ఏం మిగలాలి? కబురు అందితే చాలు అనుకుంటే ఇన్‌ఫార్మ్. రిపోర్టు రేపు వస్తుంది, అపాయింట్‌మెంట్ సోమవారం, ఇలాంటివి. చెప్పింది చెప్పినట్టు, ఆ వరసలోనే చేయాలి అంటే ఇన్‌స్ట్రక్ట్. కట్టు తడవనివ్వకూడదు, ఆపరేషన్ ముందు ఏమీ తినకూడదు లాంటివి అందులోకి వస్తాయి. ఫలానా పని చేస్తే మంచిదని చెప్పి, నిర్ణయం వాళ్ళకే వదిలితే అడ్వైజ్. సిగరెట్లు మానమనడం అడ్వైజే, మానడం ఆయన చేతిలో ఉంది. తన జబ్బు ఏమిటో, ఈ మందు ఎందుకో, పాదాలు రోజూ ఎందుకు చూసుకోవాలో తెలిసి, రేపు మనం పక్కన లేకపోయినా తనంతట తాను సంబాళించుకోవాలి అంటే ఎడ్యుకేట్. పేషెంట్ ఎడ్యుకేషన్ అని మీ రికార్డుల్లో రాసేది ఇదే కదా.

కౌన్సెల్ మాత్రం వేరే దారి. మనసు కుదుటపడక, ఏ నిర్ణయమూ తీసుకోలేక ఉన్న మనిషితో కూర్చుని మాట్లాడినప్పుడు ఆ మాట. ఉప్పు తగ్గించమని చెప్పడానికి కౌన్సెల్ పెద్ద మాట అయిపోతుంది.

ఐఈఎల్టీఎస్ రవి
మాస్టారు చెప్పింది కరెక్ట్. నేను ఐఈఎల్టీఎస్, ఓఈటీ రెండు పరీక్షలూ రాశాను. ఓఈటీలో ఉత్తరం చదివేది ఇంకో నర్సో డాక్టరో అన్నట్టు ఊహించుకుని రాయాలి. వాళ్ళు రేపు ఆ పేషెంట్‌ని చూడబోతున్నారు. ఇంతకుముందు ఏం చెప్పారు, ఏది మిగిలింది అనేదే వాళ్ళకి కావాలి. పెద్ద మాటకి అదనంగా మార్కులేం పడవు.

ఫైళ్ళ మనిషి
నేను కలెక్టరేట్ వైపు ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు చూసినవాణ్ణి. మా దగ్గర రాజ్యమేలే మాట ఇంటిమేట్. "కైండ్లీ ఇంటిమేట్ ద సేమ్" లేని ఫైలు ఉండదు. మన ఆఫీసు ఇంగ్లీషులో అది పద్ధతిగా తెలియజేయడమే, ఎవరూ తప్పు పట్టరు. కానీ బ్రిటన్‌లో చదివేవాళ్ళకి ఆ క్రియ పైకి అనకుండా సూచనగా తెలపడంలా వినిపిస్తుంది. అమ్మాయి బయటికి వెళ్ళబోతోంది కాబట్టి ఆ అలవాటు ఇక్కడే వదిలేసి ఇన్‌ఫార్మ్ అనే రాయడం మంచిది.

అప్రైజ్ సంగతి. పై అధికారికి జరుగుతున్నది ఎప్పటికప్పుడు తెలిపి ఉంచడం అది. "కీప్ ద కలెక్టర్ అప్రైజ్డ్" అంటాం. పేషెంట్‌కి అది నప్పదు. పైగా అప్రేజ్ అని దాని పక్కనే ఇంకోటి ఉంది, విలువ కట్టడం, ఏటా ఉద్యోగులకి చేసే అప్రైజల్ అందులోంచి వచ్చిందే. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. హడావుడిలో అది పడిందంటే పేషెంట్‌కి వెల కట్టినట్టవుతుంది.

నోటిఫై గురించి మీ వృత్తిలోదే ఒక ఉదాహరణ చెప్తాను. మన దేశంలో 2012 నుంచి క్షయ నోటిఫయబుల్ డిసీజ్. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే, కేసు తేలితే ప్రభుత్వానికి తెలపాల్సిందే. నోటిఫై అన్నప్పుడు వెనక ఒక నియమం, ఒక నమూనా, ఒక గడువు ఉంటాయి. ఇన్‌ఫార్మ్‌కి ఇవేవీ అక్కర్లేదు.

కల్యాణి_స్టాఫ్‌నర్స్
చాలా థాంక్స్ అండీ. మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్న వార్డులో రోజూ నా కళ్ళ ముందు జరిగేదే. మొన్న పెందుర్తి నుంచి ఒక మామ్మగారు వచ్చారు, కొత్తగా ఇన్సులిన్ పెన్ మొదలైంది. నేను చేసి చూపించాను. కొత్త సూది బిగించడం, రెండు యూనిట్లు తిప్పి నొక్కి సూది మొనన చుక్క వస్తోందో లేదో చూడడం, తర్వాత డోసు తిప్పుకోవడం, పొట్ట మీద గుచ్చి బొత్తాం చివరిదాకా నొక్కడం, సూది తీయకుండా పది లెక్కపెట్టడం. "అర్థమైందా మామ్మా?" అంటే "అయింది తల్లీ" అని తల ఊపారు.

మేం అక్కడితో వదలం. టీచ్‌బ్యాక్ అని ఒక పద్ధతి ఉంది, విన్నది వాళ్ళ మాటల్లో మనకే తిరిగి చెప్పించాలి, చేసి చూపించమనాలి. "ఇప్పుడు మీరు నాకు నేర్పండి మామ్మా" అన్నాను. అన్నీ చక్కగా చేశారు గానీ బొత్తాం నొక్కిన మరుక్షణం సూది లాగేశారు. సూది మొన నుంచి మందు చర్మం మీద కారిపోయింది. ఇంటి దగ్గర రోజూ ఇలాగే జరిగితే షుగర్ తగ్గలేదని డోసు పెంచేవాళ్ళు. మళ్ళీ చెప్పి, ఇద్దరం కలిసి పైకి లెక్కపెట్టి, మూడోసారికి సరిగ్గా చేశారు.

దీన్ని ఇంగ్లీషులో ఏమని రాయాలి? మొదటిసారి చూపించినప్పుడు టీచ్ అయినట్టా, ఆవిడ చేసి చూపించాక అయినట్టా?

గాజువాక మాస్టారు
మీరే జవాబు చెప్పేశారమ్మా. మొదటిసారి మీరు చేసింది డెమాన్‌స్ట్రేట్. మూడోసారి అయ్యాక "షీ వాజ్ టాట్ టు యూజ్ ద పెన్" అనండి, దాని వెంటనే "అండ్ డెమాన్‌స్ట్రేటెడ్ కరెక్ట్ టెక్నిక్" అని చేర్చండి. ఈసారి డెమాన్‌స్ట్రేట్ చేసింది ఆవిడ. చదివే నర్సుకి ఆ ఒక్క వాక్యంతో ఊరట కలుగుతుంది.

ఇక అసలు చిక్కుకి వస్తాను. మన పిల్లలు ఈ మాటల్లో అర్థం కంటే అమరికలో ఎక్కువ దెబ్బతింటారు. తెలుగులో "ఆమెకి చెప్పాను, ఆమెకి నేర్పాను, ఆమెకి వివరించాను, ఆమెకి తెలియజేశాను" అన్నిటికీ ఒకటే "కి". ఇంగ్లీషు ఈ క్రియల్ని రెండు జట్లుగా విడగొట్టింది. ఇన్‌ఫార్మ్, టెల్, టీచ్, అడ్వైజ్, ఇన్‌స్ట్రక్ట్, ఎడ్యుకేట్, రిమైండ్, బ్రీఫ్, నోటిఫై, అప్రైజ్ వెనక మనిషి నేరుగా వచ్చేస్తాడు, మధ్యలో టు ఉండదు. "ఐ ఇన్‌ఫార్మ్డ్ టు హర్" తప్పు, "ఐ ఇన్‌ఫార్మ్డ్ హర్" ఒప్పు. ఎక్స్‌ప్లెయిన్, డెమాన్‌స్ట్రేట్, డిస్క్రైబ్, సజెస్ట్, మెన్షన్, ఇంపార్ట్ వెనక ముందు విషయం రావాలి, మనిషి టు పట్టుకుని తర్వాత వస్తాడు. "ఎక్స్‌ప్లెయిన్ మి ద డోస్" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్ ద డోస్ టు మి" ఒప్పు. "సజెస్ట్ మి ఎ గుడ్ డాక్టర్" అని మన ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కూడా రాసేస్తారు.

వీటిలో టీచ్, టెల్ మాత్రం అటూ ఇటూ పోతాయి. "టీచ్ హర్ ద టెక్నిక్", "టీచ్ ద టెక్నిక్ టు హర్", రెండూ సరైనవే.

దీన్ని నోటికి పట్టేదాకా ఉత్తరాల్లో అభ్యాసం చేయండి. మార్కులు పోయేది ఇక్కడ, మాట రెండుసార్లు వచ్చిందని కాదు.

క్రేన్ సూపర్‌వైజర్
ఆసుపత్రి సంగతి కాదు గానీ మా యార్డులో ఇదే గొడవ పెద్ద స్థాయిలో ఉంది, అందుకే రాస్తున్నాను. షిఫ్ట్ మొదలయ్యే ముందు పనివాళ్ళని నిలబెట్టి పది నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ చెప్తాం. ఈరోజు ఎక్కడ లోడు ఎత్తుతున్నాం, ఏ దారి మూసేశాం, గాలి ఎలా ఉంది. రిజిస్టర్‌లో మాత్రం కొందరు "ట్రైనింగ్ గివెన్" అని రాసి సంతకాలు పెట్టించేస్తారు. అది ట్రైనింగ్ ఎలా అవుతుంది? అది బ్రీఫింగ్. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది, ఆ మాట విశాఖలో ఎవరికీ కొత్త కాదు. పనికి ముందు క్లుప్తంగా చెప్పి పంపితే బ్రీఫ్, తిరిగొచ్చాక కూర్చోబెట్టి ఏం జరిగిందో అడిగితే డీబ్రీఫ్.

ట్రైనింగ్ అంటే కుర్రాడి చేతికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఇచ్చి, ట్రేలో నిజంగా మంట పెట్టి, పిన్ను లాగు, మంట అడుగుకి గురిపెట్టు, పిడి నొక్కు, అటూ ఇటూ తిప్పు అని వాడి చేత చేయించడం. చాలామంది మొదటిసారి మంట కొసల మీదికి కొడతారు, అడుగు అలాగే మండుతుంటుంది. చేయించకపోతే ఆ తప్పు బయటపడదు. మామ్మగారి సూది లాంటిదే ఇదీను.

రేపేదైనా ప్రమాదం జరిగితే ఎంక్వైరీలో ముందు తెరిచేది ఆ రిజిస్టరే. పది నిమిషాల మాటకి ట్రైనింగ్ అని పేరు పెట్టి ఉంటే, "ట్రైనింగ్ అయినవాడే చేశాడు కదా" అని తప్పు పనివాడి మీదకి పోతుంది. నాకు దీని మీద చాలా బాధ ఉంది.

ఫైళ్ళ మనిషి
నూటికి నూరుపాళ్ళు నిజం బాబూ. కాగితం మీద ఒక మాట పెద్దదైతే కింద ఒక మనిషి బరువు మోస్తాడు.

ఏయూ_చరిత్ర విద్యార్థి
ఎన్‌లైటెన్ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను. అందులో ఉన్నది వెలుగు, లైట్. ఆహార నియమాలకి అది ఎందుకు నప్పదంటే, ఆ మాట ఒక మనిషి లోకాన్ని చూసే చూపే మారిపోయినప్పుడు వాడేది. యూరప్‌లో 18వ శతాబ్దపు ఆలోచనా యుగానికి ఎన్‌లైటెన్‌మెంట్ అని పేరు. 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ దాని మీద ఒక వ్యాసం రాశాడు. ఇంకొకరు చేయి పట్టి నడిపించకుండా సొంత బుద్ధిని వాడుకునే ధైర్యమే ఎన్‌లైటెన్‌మెంట్ అన్నాడు. బుద్ధుడి బోధికి కూడా ఇంగ్లీషులో అదే మాట స్థిరపడింది. మన దగ్గర బోధన అన్నా బోధి అన్నా ఒకే ధాతువు, బుధ్, మేలుకోవడం. బోధించడమంటే మేలుకొలపడమే. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. 1976లో నౌకాదళం వాళ్ళ వైమానిక సర్వేలో ఆ బౌద్ధ ఆరామం ఆనవాళ్ళు బయటపడ్డాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. అలాంటి చోట జరిగినదానికి ఎన్‌లైటెన్ సరిపోతుంది.

ఇంకోటి, ఇప్పటి ఇంగ్లీషులో "ప్లీజ్ ఎన్‌లైటెన్ మి" అంటే చాలాసార్లు ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది. మన పాత ఉత్తరాల్లో అది నిజమైన మర్యాద. విదేశంలో సీనియర్ డాక్టర్‌కి ఆ మాట రాస్తే నొచ్చుకోవచ్చు.

మిగతా మాటల పుట్టుకలు కూడా గుర్తుపెట్టుకోవడానికి సాయం చేస్తాయి. ఇన్‌స్ట్రక్ట్ లాటిన్‌లో పేర్చి కట్టడం, స్ట్రక్చర్‌కి చుట్టం. అందుకే అందులో వరసక్రమం ఉంది. ఎడిఫై కూడా కట్టడమే, ఎడిఫైస్ అంటే భవనం, కానీ అది నీతినీ భక్తినీ పెంచే బోధకి వాడతారు. ఎక్స్‌ప్లెయిన్ అంటే చదును చేయడం. ఎడ్యుకేట్ అంటే పెంచి పెద్దచేయడం. డాక్టర్ అన్న మాటకి లాటిన్‌లో గురువు అని అర్థం.

ఐఈఎల్టీఎస్ రవి
బ్రదర్, ఇవన్నీ వినడానికి బాగున్నాయి గానీ పరీక్ష రాసే అమ్మాయికి లాటిన్ ఎందుకు? నైట్ డ్యూటీ చేసి వచ్చి చదువుకునే మనిషికి బరువు పెంచొద్దు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చాలు.

ఏయూ_చరిత్ర విద్యార్థి
బరువు పెంచడానికి కాదు అన్నా. ఒక్క ఉదాహరణ చూడండి. ఇన్‌స్టిల్ అనే మాట నర్సులకి రోజూ తగులుతుంది. కంట్లో చుక్కలు వేయడాన్ని ఇన్‌స్టిల్ అనే రాస్తారు. లాటిన్‌లో స్టిల్లా అంటే చుక్క. ఇప్పుడు "ఇన్‌స్టిల్ కాన్ఫిడెన్స్ ఇన్ ద పేషెంట్" అన్న వాక్యం చదవండి, ధైర్యాన్ని చుక్క చుక్కగా లోపలికి ఇంకించడం. దాని వెనక టు రాదు, ఇన్ వస్తుంది. ఎందుకో ఇక బట్టీ పట్టాలా? దాని జంట ఇన్‌కల్కేట్ మడమతో తొక్కి తొక్కి దిగవేయడం, అలవాట్లు పదేపదే చెప్పి నాటుకునేలా చేయడానికి ఆ మాట.

కల్యాణి_స్టాఫ్‌నర్స్
రవి గారూ, నాకైతే ఇది బరువు అనిపించలేదండీ. ఐ డ్రాప్స్ ఇన్‌స్టిల్ అని కేస్ షీట్‌లో ఎన్నిసార్లు రాసి ఉంటానో, ఈ రెండూ ఒకటే మాట అని ఇప్పుడే తెలిసింది. ఇక మర్చిపోను.

ఎంవీపీ అమ్మ
నేను పిల్లలకి ఇంట్లో ట్యూషన్ చెప్తాను. నాకూ ఒక సందేహం. మా వీధిలో బోర్డుల మీద టీచర్, ట్యూటర్, కోచ్, ట్రైనర్, మెంటర్ అన్నీ ఉన్నాయి. ఫీజు పెరిగేకొద్దీ పేరు మారుతోంది. నిజంగా తేడా ఉందా?

గాజువాక మాస్టారు
ఉందమ్మా. ట్యూటర్ అంటే ఒకరిద్దరిని దగ్గర కూర్చోబెట్టుకుని చూసుకునేవారు, లాటిన్‌లో కాపలా కాయడం, కనిపెట్టుకుని ఉండడం అన్న అర్థం నుంచి వచ్చింది. మీరు చేసేది అదే. కోచ్ హంగరీలోని కోచ్ అనే ఊరి పేరు, అక్కడ తయారైన బండ్లకి ఆ పేరు పడింది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు తమని పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని కోచ్ అనడం మొదలుపెట్టారు. కాబట్టి కోచ్‌కి ఒక గమ్యం ఉంటుంది, పరీక్షో పోటీయో. మెంటర్ గ్రీకు పురాణ కథలో పిల్లవాడికి అండగా నిలిచిన పెద్దమనిషి పేరు. పాఠం చెప్పకపోయినా మెంటర్ కావచ్చు, ఏళ్ళ తరబడి వెంట ఉండాలి.

మన ఉత్తరాంధ్రలో ఈ మాటలన్నీ ఒకే మనిషిలో చూడాలంటే గిడుగు రామమూర్తి పంతులు గారు. సవర పిల్లలకి చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. తర్వాత వాళ్ళ భాషలో పుస్తకాలు తయారుచేసి బడులు పెట్టించారు. అవతలివాడి భాష రాకుండా ఏ క్రియ వాడినా ఒకటే. కల్యాణి గారు మామ్మగారితో "నాకు నేర్పండి" అన్నారు చూడండి, అది పంతులు గారి దారే.

కొత్త సభ్యుడు_గోపాలపట్నం
ఇండాక్ట్రినేట్ కూడా నేర్పడమే కదా? ఒక సీవీలో "ఇండాక్ట్రినేటెడ్ న్యూ స్టాఫ్" అని చూశాను.

ఏయూ_చరిత్ర విద్యార్థి
వెంటనే తీయించండి. ఒకప్పుడు మామూలు బోధన అనే అర్థమే ఉండేది, 20వ శతాబ్దంలో మారిపోయింది. ఇప్పుడు ప్రశ్నించే వీలు లేకుండా ఒక సిద్ధాంతాన్ని బుర్రలోకి ఎక్కించడం అని అర్థం. కొత్త ఉద్యోగులకైతే ఓరియెంట్ అనో ఇండక్షన్ ఇచ్చారనో రాయాలి.

కల్యాణి_స్టాఫ్‌నర్స్
మీ అందరి మాటలూ చదివి ఒక పేరా రాశాను. మాస్టారూ, ఒకసారి చూస్తారా?

"షీ వాజ్ ఎడ్యుకేటెడ్ అబౌట్ డయాబిటీస్ అండ్ ఫుట్ కేర్. షీ వాజ్ టాట్ టు యూజ్ ఏన్ ఇన్సులిన్ పెన్ అండ్ డెమాన్‌స్ట్రేటెడ్ కరెక్ట్ టెక్నిక్. షీ వాజ్ అడ్వైజ్డ్ టు వాక్ డెయిలీ. హర్ డాటర్ వాజ్ ఇన్‌ఫార్మ్డ్ ఆఫ్ ద రివ్యూ డేట్. ద సైన్స్ ఆఫ్ లో షుగర్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు బోత్ ఆఫ్ దెమ్."

గాజువాక మాస్టారు
ఒక్క అక్షరం మార్చక్కర్లేదమ్మా, ప్రతి మాటా దాని చోట్లో ఉంది. ఒక్కటి చేర్చండి. మామ్మగారు సూది తొందరగా తీసేస్తున్నారన్న సంగతి ఇంటికి వెళ్ళి చూసే నర్సుకి తెలియాలి. "ప్లీజ్ రిమైండ్ హర్ టు కౌంట్ టు టెన్ బిఫోర్ రిమూవింగ్ ద నీడిల్." రిమైండ్ వెనక టు లేకుండా హర్ వచ్చింది, గమనించండి.

క్రేన్ సూపర్‌వైజర్
మాస్టారూ, మా రిజిస్టర్‌కి కూడా ఒకటి చెప్పండి. రేపు ఉదయం ఎక్స్‌టింగ్విషర్ ఊరికే చూపిస్తాను, చేయించడం శనివారం. రేపటికి "డెమాన్‌స్ట్రేటెడ్ టు ద క్రూ" అని రాయొచ్చా?

గాజువాక మాస్టారు
రాయండి బాబూ. శనివారం ఎవరెవరు స్వయంగా మంట ఆర్పారో వాళ్ళ పేర్ల ఎదుటే "ట్రైన్డ్" అని పెట్టండి. ఆరోజు రానివాళ్ళ పేర్లు ఖాళీగా వదిలేయండి.